రాళ్లచెరువులో పడవ

ఆ రోజు పొద్దున గంగాధరప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, అండమాన్‌కు ఫోన్ చేసి ఒక పడవ మాట్లాడుకోవడం, ఆ తర్వాత అంగడి తలుపులు తీయడం. వీటిలో మొదటిదీ చివరిదీ ఆయన పెళ్లి కాకముందు నుంచీ రోజూ చేస్తున్నవే. మధ్యలోదే కొత్త.

బెళుగుప్ప మండలంలో రాళ్లచెరువు అనే ఊళ్లో ఆయనకు విత్తనాలు, ఎరువుల అంగడి ఉంది. ఆ ఏడాది ఒక విత్తనాల కంపెనీ, తమ సరుకు బాగా అమ్మిపెట్టిన అంగళ్లవాళ్లను భార్యలతో సహా అండమాన్ తీసుకుపోతామని ప్రకటించింది. విమానం, హోటలు, తిండి అన్నీ కంపెనీవే. ఒక్క రోజు మాత్రం ఖాళీ వదిలారు. ఆ రోజు పడవలో దీవి నుంచి దీవికి తిరిగి చూడాలంటే ఎవరి ఏర్పాటు వాళ్లే చేసుకోవాలి. కళ్యాణదుర్గం చుట్టుపక్కల అంగళ్లవాళ్లందరూ ఒక్క మాట మీద ఆ పనిని గంగాధరప్ప నెత్తిన పెట్టారు.

"నువ్వు చూసినావంటే ఇంగ తిరుగుండదన్నా" అన్నారు.

ఆ నమ్మకం ఊరికే వచ్చింది కాదు. పేరులో గంగ ఉంది కానీ గంగాధరప్ప చేన్లో అది ఎన్నడూ పడలేదు. వయసులో ఉన్నప్పుడు 'గ్యారంటీగా నీళ్లు పడతాయి' అన్న ప్రతివాడినీ నమ్మి బోరు మీద బోరు వేయించాడు. ప్రతి బోరూ తెల్లటి దుమ్ము పోసింది. అప్పటి నుంచి ఆయన నమ్మడం మానేసి విచారించడం మొదలుపెట్టాడు. బోరు బండివాడైనా, పెళ్లి వంటవాడైనా, ఆఖరికి పెళ్లికొడుకైనా సరే, ఊళ్లో ఎవరికి కావలసి వచ్చినా ముందు గంగాధరప్ప విచారించి 'సరే' అనాలి. ఆయన సరే అన్నది ఇంతవరకూ చెడిపోలేదు. ఆయన సరే అనేలోపల ఒకటి రెండు పెళ్లిళ్లు మాత్రం చెడిపోయాయి.

ఈ గుణం వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయిన మనిషి ఆయన భార్య పుష్పావతి. ఆమె ధర్మవరం నేతగాడి కూతురు. ఆమె తండ్రి జన్మలో సముద్రం చూడలేదు. అయినా కూతురి పెళ్లికి ఒక నీలం పట్టుచీర నేసి, "ఇది సముద్రం రంగు తల్లీ" అని చేతిలో పెట్టాడు. చూడనివాడికి రంగు ఎలా తెలిసిందని ఆమె అప్పుడే అడిగింది. "పోయి చూసొచ్చి నువ్వే చెప్పు" అన్నాడాయన. అప్పటి నుంచి ఆమెకు మిగిలింది ఒకటే కోరిక: ఆ చీర కట్టుకుని సముద్రం ముందు నిలబడి, నాయన వేసిన రంగు సరో కాదో చూడాలి. రామేశ్వరం బస్సు టైర్లు అరిగిపోయాయని ఒకసారి, గోవా హోటలువాడి మాటతీరు బాగాలేదని మరోసారి, గంగాధరప్ప విచారణలు ముగిసేలోపల ప్రయాణాలు ముగిసిపోయాయి. నాయన పోయాడు. చీర బీరువాలోనే ఉంది.

"ఈతూరి గూడా విచారించుకుంటా కూసుంటివంటే నేనొక్కదాన్నే పోతా. ముందే జెప్తాండా" అంటూ పుష్పావతి కాఫీ గ్లాసును బల్ల మీద పెట్టింది. గ్లాసు చేసిన చప్పుడును బట్టి అది ఉత్త బెదిరింపు కాదని గంగాధరప్పకు అర్థమైంది.

"ఏమ్మే, సముద్రమంటే మన గొడ్ల తొట్టి అనుకుంటివా? మునిగితే ఎవురు పూచీ? ఈ పొద్దే మాట్లాడి తేల్చేస్తా, చూడు" అని ఫోను తీసుకుని బయటపడ్డాడు.

ఇంట్లో సిగ్నలు ఉండదు. ఊరంతటికీ సిగ్నలు బాగా దొరికేది ఓబులేసు టీ అంగడి ముందర. టీ బాగుండకపోయినా అక్కడ జనం ఎప్పుడూ ఉండటానికి కారణం అదే. గంగాధరప్ప బెంచీ మీద కూర్చుని, ఫోను చెవికి ఆనించుకుని, అండమాన్ దూరం కాబట్టి దానికి తగ్గట్టు గొంతు పెంచాడు.

మొదట దొరికిన పడవల కంపెనీవాడు మంచి హుషారు మీద ఉన్నాడు. సముద్రం గ్యారంటీ అన్నాడు, దీవులు గ్యారంటీ అన్నాడు, డాల్ఫిన్లు ఎగిరి పలకరించడం కూడా గ్యారంటీ అన్నాడు. మూడో గ్యారంటీకి గంగాధరప్ప ఫోను పెట్టేశాడు.

రెండోవాడు లోకనాథం. ఎప్పుడో శ్రీకాకుళం నుంచి అండమాన్ వెళ్లి స్థిరపడిన తెలుగువాడు. సొంత పడవ, తనే నడుపుతాడు.

"పడవలో ఎంతమంది పడతారు?" అని అడిగాడు గంగాధరప్ప. లోకనాథం చెప్పాడు. "లోతెంతుంటాది?" అది చోటును బట్టి ఉంటుందన్నాడు లోకనాథం. "సరే, నీళ్లు ఎప్పుడూ ఉంటాయా? ఎండాకాలం తగ్గిపోవు గదా?"

"అది సముద్రమండి బాబూ" అన్నాడు లోకనాథం.

"అదేనప్పా, ఉంటాయా అని."

"నీళ్లకేటి లోటు లేదండి. గాలే మన సేతిలో లేదు. గాలి బాగుంటే తీసికెల్తాను, బాగోకపోతే నేనే ఆపేస్తాను."

గంగాధరప్పకు ఇది మింగుడు పడలేదు. గ్యారంటీ ఇచ్చినవాడు మోసగాడు, అంతవరకూ తెలుసు. అసలు గ్యారంటీయే ఇవ్వనివాడిని ఏమనాలి? ఇటువంటి చిక్కు వచ్చినప్పుడు ఆ సీమలో అందరూ చేసే పని ఒకటుంది. బోరు వేయించేవాడు బండివాడితో ఫోన్లో బేరం తెంచుకోడు. మనిషిని ఇంటికి పిలుస్తాడు, కూర్చోబెడతాడు, కాఫీ ఇస్తాడు, ఊరూ పేరూ అడుగుతాడు, మొహం చూస్తాడు. ఆ తర్వాతే చేతిలో బయానా పెడతాడు.

"అట్లయితే ఒకసారి రాళ్లచెరువుకు వచ్చి పో. ఆడే మాట్లాడుకుందాం" అన్నాడు.

"అదే దీవండి బాబూ?" అన్నాడు లోకనాథం.

గంగాధరప్ప ఫోను జేబులో పెట్టుకుని తలెత్తేసరికి ఓబులేసు టీ వడగట్టడం ఆపి చూస్తున్నాడు. అతను విన్నది ఒక పక్క మాటలే. పడవలో ఎంతమంది పడతారు, లోతెంత, ఎండాకాలం నీళ్లుంటాయా, రాళ్లచెరువుకు వచ్చి పో. ఊరి చెరువు నిండి ఎన్నో ఏళ్లయింది. పక్క ఊరి దాకా వచ్చిన కాలువ నుంచి దానికి నీళ్లు మళ్లిస్తామని ప్రతి ఎన్నికల్లోనూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. చెరువులో ప్రస్తుతం ఆదెన్న అనే రైతు వేసిన ఉలవచేను ఉంది.

"ఏమన్నా, పడవ ముచ్చట?" అన్నాడు ఓబులేసు.

"ఏం లేదప్పా" అన్నాడు గంగాధరప్ప. నిజానికి ఆయన భయం వేరు. విహారయాత్ర అంటే ఊళ్లో సగంమంది అప్పు అడగడానికి వస్తారు.

కానీ ఆ సీమలో 'ఏం లేదప్పా' అనే మాటకు ఒక చరిత్ర ఉంది. చేన్లో నీళ్లున్న చోటు దొరికినవాడు ఎవరికీ చెప్పడు. చెబితే పక్క చేనువాడు గట్టుకు అవతలే బోరు దించి నీళ్లు లాగేస్తాడు. అందుకని బోరు బండి చేన్లోకి వచ్చి నిలబడినా అడిగినవాడికి 'ఏం లేదప్పా' అనే చెబుతాడు. పైగా అన్నది ఎవరు? నాలుగు వైపులా విచారించందే చెప్పు కూడా కొనని గంగాధరప్ప. మధ్యాహ్నానికల్లా చెరువుకు నీళ్లు వస్తున్నాయన్న సంగతి ఊళ్లో తెలియనివాడు గంగాధరప్ప ఒక్కడే.

ఇంట్లో పుష్పావతికి లోకనాథం మాటలు చెప్పినప్పుడు ఆమె మొహం వెలిగింది.

"ఉన్నది ఉన్నట్టు చెప్పినాడు గదా. ఇంగేం కావల్ల? ఆ మనిషికే ఖాయం చెయ్యి."

"మొగం చూడకుండానే? బాగుండాది నీ వరస. ముందు జాకెట్ల సంగతి తేలనీ."

పడవలవాళ్లు ఇచ్చే జాకెట్ల మీద ఆయనకు నమ్మకం లేదు. సొంతంగా రెండు తెప్పించాడు. తేలుతాయో లేదో చూడాలి కాబట్టి, నారింజ రంగు జాకెట్టు బిగించుకుని పెరట్లో గొడ్ల తొట్టిలోకి దిగాడు. తొట్టిలో నీళ్లు మోకాళ్ల దాకా కూడా లేవు. జాకెట్టు తేలడానికి సిద్ధంగానే ఉంది కానీ గంగాధరప్ప అడుగుకు ఆనుకుని కూర్చుండిపోయాడు. తాగడానికి వచ్చిన బర్రె కొంచెంసేపు చూసి వెనక్కి పోయింది. గోడ పైనుంచి చూసినవాళ్లు మాత్రం పోలేదు.

మరునాడు యూరియా కోసం వచ్చిన ప్రతివాడూ గొంతు తగ్గించి అడగడం మొదలుపెట్టాడు. "అన్నా, ఆ జాకెట్టొకటి మాగ్గూడా తెప్పీ. పిల్లోళ్లుండారు ఇంట్లో."

"అయ్యో, అట్లాంటిదేం లేదప్పా" అన్నాడు గంగాధరప్ప.

"తెలిసినాదిలే అన్నా" అని నవ్వుకుంటూ పోయారు.

ఇంతటితో ఆగినా బాగుండేది. కానీ అంగళ్లవాళ్లలో పడవలో అంచున ఎవరు కూర్చోవాలి, నడిమధ్యన ఎవరు కూర్చోవాలి అన్న తగవు వచ్చింది. అంచున నీళ్లు బాగా కనిపిస్తాయి, నడిమధ్యన ప్రాణం బాగుంటుంది. తగవు తీర్చాలంటే పడవ ఎంత ఉంటుందో కళ్లకు కనబడాలి. అంత చదునైన చోటు ఊళ్లో ఒక్క చెరువులోనే ఉంది. గంగాధరప్ప సున్నం పొడి తీసుకుపోయి, లోకనాథం చెప్పిన కొలతలతో ఆదెన్న ఉలవచేను పక్కన పడవ ఆకారం గీశాడు. కూర్చునే చోట్ల రాళ్లు పేర్చాడు. ఒక్కొక్క రాయి మీదా తను కూర్చుని, మోకాళ్లు తగులుతాయేమోనని చూసుకున్నాడు. అటూ ఇటూ ఊగి కూడా చూశాడు.

పల్లెల్లో నేల మీద సున్నం గీత పడిందంటే గవర్నమెంటు కొలత పడినట్టే లెక్క. ఆ గీతల వెంబడి రోడ్డు వచ్చినా రాకపోయినా పక్కన స్థలాలు కొనేవాళ్లు మాత్రం తప్పకుండా వస్తారు. ఆ సాయంత్రానికి చెరువుగట్టు పక్కన బీడు పడిన నేలకు బేరాలు మొదలయ్యాయి. ఓబులేసు భార్య మెడలోది కుదువపెట్టి చిన్న ముక్క కొన్నాడు. చేపలు వేయించి అమ్మే అంగడి పెడతానన్నాడు. చేపలేవని ఎవరూ అడగలేదు, నీళ్లు వస్తే అవే వస్తాయి గదా.

ఆదెన్న మాత్రం నేరుగా గంగాధరప్ప ఇంటికే వచ్చాడు.

"ఏమన్నా, నా ఉలవలు మునిగిపోతాయంట గదా? కావలసినోనివి, ముందే ఒక మాట జెప్పరాదా?"

"ఆదెన్నా, నీ ఉలవలకేం గాదు. నేను మాట్లాడతాండేది అండమాన్ పడవ. అది యాడో సముద్రంలో ఉండాది."

"సముద్రంలో పడవకు మన చెరువులో గీత ఎందుకు గీస్తివి?"

గంగాధరప్ప చెప్పబోయాడు. సీట్ల తగవు, మోకాళ్లు, ఊగడం అన్నీ వివరంగా చెప్పాడు. చెప్పే కొద్దీ అది తనకే అబద్ధంలా వినబడింది. ఆదెన్న చివరిదాకా మర్యాదగా విని, నేరుగా వెళ్లి ఇంకా ఎండని ఉలవచేనంతా ఆ పొద్దుకే పీకేసుకున్నాడు. దాంతో అనుమానం ఉన్న కొద్దిమందికి కూడా తీరిపోయింది.

మాజీ సర్పంచి వీరప్పకు నిద్ర పట్టలేదు. రాళ్లచెరువుకు నీళ్లు తెస్తానని ఆయన ఎన్నో ఎన్నికల నుంచి చెబుతున్నాడు. తెలియకుండా నిజంగానే వచ్చేస్తే ఆ పేరు ఎవరికో పోతుంది. తెల్లచొక్కా అనుచరులతో అంగడికి వచ్చి విత్తనాల మూటల మీద కూర్చున్నాడు.

"ఏమప్పా గంగాధరా, నాతో ఒక మాట గూడా అనకుండా పడవ తెప్పిస్తాండావంట?"

"అన్నా, నీ మీద ఒట్టు, నీళ్లూ లేవు, పడవా లేదు."

వీరప్ప అనుచరుల వైపు తిరిగి మెచ్చుకోలుగా నవ్వాడు. "చూసినారా? నా ముందర గూడా నోరిప్పడంటే, ఖాయమైనట్టే."

మరునాడు బస్టాపు దగ్గర ఫ్లెక్సీ వెలిసింది. 'రాళ్లచెరువుకు జలకళ: వీరప్పన్న కృషి ఫలితం' అని పెద్ద అక్షరాలు. నీలం నీళ్లు, తెల్ల పడవ, ఆకాశమంత వీరప్ప. కింద మూలన, ఎవరో గోడ పైనుంచి తీసిన ఫోటోలో, గొడ్ల తొట్టిలో జాకెట్టుతో కూర్చున్న గంగాధరప్ప.

దాన్ని చూసి గంగాధరప్పకు తల తిరిగినా, ఆయన మనసంతా వేరే చోట ఉంది. ప్రయాణం దగ్గర పడింది, పడవ ఇంకా తేలలేదు. ఇంట్లో పుష్పావతి మాట్లాడటం తగ్గించింది, గ్లాసులు పెట్టే చప్పుడు పెంచింది. ఆ సమయంలో ఎవరి ద్వారానో లక్ష్మీపతి దొరికాడు. చిలమత్తూరువాడు, బెంగళూరులో యాత్రల ఆఫీసు నడుపుతాడు. అండమాన్ పడవలు కూడా తనే ఏర్పాటు చేస్తానన్నాడు.

"జిల్లాలు చీలినా మనం మనమే గదన్నా. యాడో సముద్రం గట్టున ఉండేవాళ్లను నమ్మేదేల? నేనే వస్తా. పడవ గూడా ఎత్తుకొనొస్తా. చూసి, తట్టి, మీకు నచ్చితేనే దుడ్లు ఇయ్యండి" అన్నాడు ఫోన్లో.

పిలిస్తే వచ్చే మనిషి! వస్తూ వస్తూ పడవ తెచ్చే మనిషి! గంగాధరప్ప వెంటనే రమ్మన్నాడు.

"చిలమత్తూరికి సముద్రం ఎప్పుడొచ్చినాది?" అంది పుష్పావతి.

"మనోడే గదా."

"మనోడు కాబట్టే అడుగుతాండా. మనకే తెలీదు గదా సముద్రం."

లక్ష్మీపతి మాట తప్పలేదు. బెంగళూరు ఆఫీసు ముందర అలంకారానికి పెట్టుకున్న పసుపురంగు పడవను కారు నెత్తిన కట్టుకుని బయలుదేరాడు. పడవ బెళుగుప్ప దాటక ముందే కబురు ఊరు చేరింది. కారు పొలిమేరకు వచ్చేసరికి తప్పెట్లు సిద్ధంగా ఉన్నాయి. గంగాధరప్ప ఇల్లు ఎక్కడని లక్ష్మీపతి అడుగుతూనే ఉన్నాడు. జనం కారును తోసుకుంటూ చెరువుకు తీసుకుపోయారు. ఆడవాళ్లు పడవ ముక్కుకు పసుపు రాసి బొట్టు పెట్టారు. వీరప్ప కొబ్బరికాయ కొట్టాడు. పీకేసిన ఉలవచేను పక్కన, గంగాధరప్ప గీసిన సున్నం గీతల మధ్యన, పేర్చిన రాళ్ల మీద పడవను దించారు. కొలతలు సరిపోయినట్టే కనబడేసరికి జనం కేకలు వేశారు.

మెడలో దండతో లక్ష్మీపతి నాలుగు వైపులా చూశాడు. "అన్నా, నీళ్లేవి?" అని వీరప్ప చెవిలో అడిగాడు.

"వస్తాయి."

"ఎప్పుడు?"

"పడవొచ్చినాది గదప్పా. నీళ్లు రాకుండా యాడికి పోతాయి?"

అప్పుడే రొప్పుతూ వచ్చిన గంగాధరప్ప జనాన్ని తోసుకుని పడవ ఎక్కి నిలబడ్డాడు. "అయ్యా, అందరూ వినండి! చెరువుకు నీళ్లు రావు. నాకేం తెలీదు. నేను విచారించింది అండమాన్‌లో పడవ. మా ఆడమనిషికి సముద్రం చూపిద్దామని. అంతే, ఇంగేం లేదు!"

ఓబులేసు గట్టిగా చప్పట్లు కొట్టాడు. "పడవ మీద నిలబడుకొని గూడా లేదంటాండాడు చూడండి. మనిషంటే ఇట్లుండల్ల!" జనమంతా అందుకున్నారు.

ఆ చప్పట్ల నడుమే చెరువు పడవల కమిటీ ఒకటి పుట్టింది. దానికి ప్రెసిడెంటు గంగాధరప్ప కాక ఇంకెవరన్న ప్రశ్నే రాలేదు. లక్ష్మీపతి వ్యాపారస్థుడు, సందర్భం తెలుసుకోవడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. అండమాన్ మాట మరిచిపోయి, పడవను కమిటీకే అద్దెకు అప్పజెప్పి దండతోనే బెంగళూరు పోయాడు. ప్రారంభోత్సవానికి పెద్ద నాయకుడు వస్తున్నాడని వీరప్ప ప్రకటించాడు. రోజు కూడా చెప్పాడు. సరిగ్గా విమానం ఎక్కవలసిన రోజే.

"ఆ పొద్దు నేను ఊళ్లో ఉండనన్నా" అన్నాడు గంగాధరప్ప.

"పోతే పో. గట్టు పక్కన స్థలాలు కొన్నోళ్లంతా నిన్ను చూసి కొన్నారు. ఇప్పుడు నువ్వు బ్యాగు ఎత్తుకుంటే పారిపోయినాడంటారు. తిరిగొచ్చినాక నీ అంగట్లో ఒక్క గింజ కొంటారా? నీ మాట మీద పిల్లనిస్తారా?"

గంగాధరప్ప జీవితంలో కూడబెట్టింది ఒకటే, ఆ మాట. దాన్ని అలా ఎండిన చెరువులో వదిలేసి విమానం ఎక్కడం ఆయన వల్ల కాలేదు. ఇంటికి వచ్చి తలవంచుకుని నిలబడ్డాడు. పుష్పావతి పెట్టె సర్దుకుంటోంది. నీలం చీర అన్నిటికంటే పైన ఉంది.

"నేను రాలేనేమో" అన్నాడు.

"తెలుసు."

"పడవ గూడా కుదర్లేదు."

"కుదిరినాది. ఆ శ్రీకాకుళమాయనతో నేను మాట్లాడినా. మనోళ్లందరికీ ఆయనే."

"ఏం విచారించినావు?"

"ఏమీ విచారించలే. 'మా నాయన సముద్రం రంగు అని ఒక చీర నేసినాడు, సరిపోల్చి చూసుకోవల్ల, చూపిస్తావా' అని అడిగినా. 'గాలి బాగుంటే లోపలికి తీసికెల్తానమ్మా. లేకపోతే ఒడ్డునుంచే సూసుకో, అదీ సముద్రమే' అన్నాడు. ఇంగేం కావల్ల?"

ఇన్నేళ్లలో ఆమె ఏ ప్రయాణం ఆగిపోయినా ఏడవలేదు, పోట్లాడి ఊరుకుంది. ఇప్పుడు పోట్లాడను కూడా లేదు. అది గంగాధరప్పకు ఎక్కువ నొప్పి కలిగించింది. మర్నాడు తెల్లవారకముందే ఆమె తక్కిన అంగళ్లవాళ్లతో, వాళ్ల భార్యలతో కలిసి బండి ఎక్కింది. ఆయన జాకెట్లు రెండూ తీసుకుపొమ్మన్నాడు. ఆమె ఒకటి తీసుకుని, రెండోది ఆయన చేతిలోనే పెట్టింది.

ప్రారంభోత్సవానికి పెద్ద నాయకుడు రాలేదు. వీరప్పే రిబ్బను కత్తిరించాడు. నీళ్లు వచ్చే వారం అన్నాడు. ఆ వచ్చే వారం ఎప్పుడూ వచ్చే వారంలోనే ఉండిపోయింది.

గంగాధరప్ప తన్నులకు సిద్ధపడి కూర్చున్నాడు. జరిగింది వేరు. ప్రారంభోత్సవం మరునాడే పక్క పల్లెల నుంచి ఆటోల్లో జనం దిగారు. ఆ సీమలో పడవ ఎక్కినవాళ్లు తక్కువ, ఎక్కాలని లేనివాళ్లు ఇంకా తక్కువ. నీళ్లు లేకపోతే ముసలివాళ్లకూ పిల్లలకూ భయం కూడా లేదు. పడవలో కూర్చుని, తెడ్లు పట్టుకుని, ఫోటోలు దిగారు. లక్ష్మీపతి బెంగళూరు నుంచి సముద్రం అచ్చువేసిన పెద్ద ఫ్లెక్సీ పంపించాడు. దాన్ని పడవ వెనకాల కట్టేసరికి ఫోటోలో అచ్చం సముద్రమే. ఓబులేసు అంగట్లో చేపలు అనంతపురం నుంచి ఐసుపెట్టెలో వస్తున్నాయి, నిలవడం లేదు. గట్టు పక్కన స్థలాలు కొన్నవాళ్లంతా గంగాధరప్ప కనబడితే దండం పెడుతున్నారు. ఆదెన్న ఒక్కడే ఉలవల మాట ఎత్తాడు. అతన్ని తెడ్లు అందించే పనిలో పెట్టుకున్నారు.

గంగాధరప్ప గొడుగు కింద కుర్చీలో కూర్చుని విజిల్ ఊదుతూ, జాకెట్టు వేసుకోనివాళ్లను పడవ ఎక్కనివ్వకుండా కాపలా కాస్తున్నాడు. ఉన్నది ఒకటే జాకెట్టు కాబట్టి వంతులు పెట్టాడు.

యాత్రలో ఖాళీగా వదిలిన ఆ రోజున ఫోను మోగింది. వీడియో కాల్, బయలు చెరువులో సిగ్నలు బాగానే ఉంది. తెరమీద పుష్పావతి, నీలం చీరలో. వెనకాల ఫ్లెక్సీ కాదు, అసలుది, కదులుతోంది. గాలికి కొంగు ఎగిరి కెమెరాకు అడ్డుపడుతోంది. ఆమె అంత నవ్వడం ఆయన ఎప్పుడు చూశాడో గుర్తు రాలేదు.

"యో, చూస్తాండావా? మా నాయన సగం తప్పినాడు. లోపలంతా ఈ రంగే, సరిగ్గా ఇదే. ఒడ్డున మాత్రం పచ్చగా ఉండాది. తెలిసింటే పచ్చంచు వేసుండేవాడు." అంటూనే ఆమె కళ్లు తుడుచుకుంది. "సచ్చినోడు, చూడకుండానే ఎట్ల పట్టినాడో!"

గంగాధరప్ప ఆ పడవలో ఉండవలసినవాడు. ఆమె పక్కన కూర్చుని ఆ పచ్చ ఎక్కడ మొదలయిందో చూడవలసినవాడు. ఆ మాట చెప్పాలనుకుని, "జాకెట్టు బిగించి కట్టుకో" అన్నాడు.

"నువ్వు గూడా" అంది ఆమె, ఆయన వెనకాల ఉన్న పడవను చూసి. "వచ్చేసారి నువ్వు గూడా వస్తావా?"

"విచారించి..." అని మొదలుపెట్టి, మింగేశాడు. "వస్తా."

అవతల నవ్వు వినబడింది, గాలి వినబడింది, లైను తెగిపోయింది. ఆయన చాలాసేపు ఫోనును చూస్తూ కూర్చున్నాడు. అది మళ్లీ మోగింది. ఈసారి కళ్యాణదుర్గం నుంచి ఎవరో బడి పంతులుగారు.

"నమస్కారమప్పా. మా పిల్లోళ్లను మీ పడవకు తీసుకొద్దామనుకుంటాండాం. అయితే రవంత విచారించుకోవల్ల గదా. జాకెట్లు ఇస్తారా? గాలొస్తే ఏం చేస్తారు? ఎండాకాలం గూడా నడుస్తాదా? ముందెప్పుడన్నా మునిగిందా?"

గంగాధరప్ప కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. జీవితమంతా తను ఇతరులను అడిగిన ప్రశ్నలు. వాటికి తృప్తిగా సమాధానం చెప్పగలిగిన మనిషి ఇంతవరకు ఆయనకు దొరకలేదు. పడవ వైపు చూశాడు. కదలకుండా చుట్టూ రాళ్లు పెట్టి ఉంది. కింద చెరువు, బీటలు వారి, కనుచూపు మేర గట్టిగా ఉంది.

"తీసుకొని రాండి సార్" అన్నాడు. "మునిగేది లేదు. గ్యారంటీ."

బెళుగుప్ప మండలంలో నీళ్ల విషయమై ఇంతవరకు ఎవరెవరో ఇచ్చిన గ్యారంటీలన్నిటిలోనూ నిలబడింది అదొక్కటే.